గాలి గోడ కూలిన రోజు

జనవరిలో ఓడ దిగాం. ఎండ కాస్తోంది. అయినా ముక్కు మొద్దుబారింది. వీపున కిట్టు, చేతిలో ఎనుమాముల మిరపకాయలు పట్టించిన కారం డబ్బా. నేను బార్డర్‌లో చేసొచ్చాననే మా మట్టెవాడ వాళ్లు ఇప్పటికీ అనుకుంటారు. నిజానికి చివరి డ్యూటీ అంటార్కిటికాలో, శాస్త్రవేత్తల కేంద్రంలో. బండ్ల బాధ్యత నాది. ఓడ మళ్లీ వచ్చేది ఏడాదికే.

వంట జవాన్‌ది డోర్నకల్. కారం డబ్బా చూసి అక్కడే నన్ను అన్నా అన్నాడు.

వారం వారం బెలూన్ వదిలేవాళ్లం. గ్యాస్ నిండేదాకా తాడు పట్టుకునేది నేనే. దాని కింద వేలాడే పెట్టె పైకి పోతూ, ఎంత ఎత్తులో ఎంత ఓజోన్ ఉందో కిందికి పంపేది.

"చీకటి నెలల్లో ధ్రువం చుట్టూ పైగాలి సుడి తిరిగి గోడ కడుతుంది," అన్నాడు శాస్త్రవేత్త. "సూర్యుడు రాగానే లోపలి ఓజోన్ హరించుకుపోతుంది. బయట బోలెడుంది. గోడ దాటి రాదు."

"మన లెక్కనే గదనే అన్నా!" వంట జవాన్ నవ్వాడు. "మనం పోలేం, మన కాడికి ఎవ్వలు రాలేరు. సార్, గోడ కూలిననాడు చెప్పుండ్రి. పాయసం చేస్త."

అప్పటినుంచి బెలూన్ ఎగిరినప్పుడల్లా వాకీటాకీ సెట్‌లో ఇదే మాట.

"కిచెన్, గోడ ఇంకా ఉంది."

"అయితే పాయసం బంద్ సార్."

సెప్టెంబరులో వంట జవాన్‌కు కడుపునొప్పి. "ఫికర్ చెయ్యకన్నా, జర గ్యాస్ పట్టింది," అన్నాడు. అపెండిక్స్ పగిలింది. కేంద్రం డాక్టర్ ఉన్నంతలో కోసి శుభ్రం చేశాడు. జ్వరం దిగలేదు. విమానం కోసం రేడియోలో బతిమాలాం. "తుఫాను. ఆగండి." మళ్లీ అడిగాం. "ఆగండి."

"అన్నా, దవాఖానకు తోలుకపోతవా?"

నా దగ్గర నాలుగు బండ్లున్నాయి. దారి లేదు. తెల్లారేసరికి పోయాడు. బయట కంటైనర్‌లో పడుకోబెట్టాం. ఆ వారం బెలూన్ పంపిన ఓజోన్ గీత పదహారు కిలోమీటర్ల ఎత్తున అడుగంటింది. తుపాకీ కాల్చడం నేర్చిన చేతులతో తాడు వదిలి ఊరికే చూశాను. అంతకంటే చేతగానితనం నేనెరగను.

జనవరిలో ఓడ వచ్చాక అతన్ని ఇంటికి నేనే తెచ్చాను. "గంత పెద్ద సర్కారుకు గక్కడొక దవాఖాన లేదా అన్నా?" అంది అతని భార్య.

ఇప్పుడు ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఘాటు తగిలితే చాలు, అక్కడి నవంబరు చివరి ఉదయమే కళ్ల ముందుకొస్తుంది. అతను పోయాక వంట నా మీద పడింది. బియ్యం కడుగుతున్నాను. గట్టు మీద అతని సెట్ మోగింది. శాస్త్రవేత్త గొంతు, సంబరంగా, అలవాటు కొద్దీ.

"కిచెన్! గోడ కూలింది! బయటి ఓజోన్ లోపలికొస్తోంది. పాయసం పెట్టు!"

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. బటన్ మీది వేలు మాత్రం తియ్యలేదు. వంటిల్లంతా ఆయన ఏడుపు.