నేను తిరగకముందే విసిరేవాడు

మా ఫోర్‌మన్ అన్న పోయాడు. సెలవు మీద జగిత్యాల వెళ్ళిన మనిషి, ఇంట్లోనే గుండె ఆగి పోయాడని ఇక్కడ గల్ఫ్‌లో, మా సోహార్ లేబర్ క్యాంపులో పొద్దున బస్సెక్కుతుంటే తెలిసింది. ఎవరమూ బస్సు దిగలేదు. డ్యూటీకి వెళ్ళాం. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి కదండీ.

ఆయన పనిచేసే తీరు చెబితే సేఫ్టీవాళ్ళకు కోపం వస్తుంది. ఎత్తులో పనిచేయడానికి కట్టే స్కాఫోల్డింగ్ పైపులు బిగించే ఇనుప క్లాంపులను బకెట్‌లో వేసి తాడుతో పైకి పంపాలని రూలు. సేఫ్టీ ఆఫీసరు చాయ్‌కి వెళ్ళగానే అన్న వాటిని కింద నుంచి విసిరేవాడు, పైన నేను పట్టేవాణ్ణి. ఒక పైపు బిగించి ఇటు తిరిగేసరికి తర్వాతి క్లాంపు నా చేతుల ముందుండేది.

"నువ్వు తిరిగెదాక ఆగితే పొద్దుగూకుతది తమ్మీ," అనేవాడు.

సెలవు రోజని శుక్రవారాలు మా అమెరికా ఇంజనీరు కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆ దేశపు ఫుట్‌బాల్ ఆడించేవాడు. పేరుకే ఫుట్‌బాల్, అంతా చేతులతోనే. ఒకడు విసురుతాడు, మైదానం అంచుల్లో నిలబడ్డవాళ్ళు ఉరికి పట్టుకోవాలి. మా జట్టులో విసిరేది అన్నే. పొడుగ్గా ఉండి, దూరం ఉరికేవాళ్ళంటే ఇంజనీరుకు మోజు. నేనేమో పొట్టి, పైగా మోకాళ్ళ నొప్పులు. నన్ను జట్టులోంచి తీసేస్తానంటే అన్న అడ్డుపడ్డాడు.

"సార్, లంబావాలా దూర్ జాతా. యే పకడ్‌తా." పొడుగువాడు దూరం పోతాడు, వీడు పట్టుకుంటాడు అని.

తర్వాత నాతో అన్నాడు: "దూరం ఉరికెటోడు ఎప్పుడో ఒకపారి దొరుకుతడు. నాకు ఎప్పుడంటే అప్పుడు దొరికెటోడు కావాలె."

ఈ దేశంలో నా పాస్‌పోర్టు కావాలన్నవాళ్ళున్నారు గానీ, నేను కావాలన్నది ఆయనొక్కడే.

మొన్న శుక్రవారం అన్న బదులు ఇంజనీరే విసిరాడు. నేను నాలుగడుగులు ఉరికి తిరిగాను. బంతి ఇంకా ఆయన చేతిలోనే ఉంది. నేను తిరిగేదాకా ఆగాడు. అది వచ్చేలోపు అవతలి జట్టువాడు అడ్డమొచ్చి పడగొట్టాడు. వచ్చే వారం నుంచి నా చోట పొడుగతను ఆడతాడని ఇంజనీరు మెల్లగా చెప్పాడు. "ఠీక్ హై సార్," అన్నాను. వాదించే బలం లేదు. నా తరఫున మాట్లాడే మనిషీ లేడు. నిజం చెప్పొద్దూ, చెప్పకుండా పోయినందుకు అన్న మీద కోపం కూడా వచ్చింది.

మర్నాడు సైట్‌లో పైపు బిగించి, అలవాటు కొద్దీ చేతులు చాచి తిరిగాను. కింద కొత్త ఫోర్‌మన్ క్లాంపులను బకెట్‌లో వేసి తాడు ముడి వేస్తున్నాడు. చాచిన చేతులు వెంటనే దించలేకపోయాను.