చెరువుగట్టు మీద తెరుచుకున్న యాప్

భీమవరంలో ఒక మేత దుకాణం పైఅంతస్తులో ఉంటుంది మా ఆఫీసు. కింద రొయ్యల మేత బస్తాలు దిగుతుంటాయి, పైన మేము కోడ్ రాస్తుంటాం. ఆ వాసనకి మొదట్లో తలనొప్పి వచ్చేది. ఇప్పుడు సెలవురోజున అది లేకపోతే ఏదో వెలితిగా ఉంటుంది.

మా కంపెనీ చెరువుల నీళ్ళు పరీక్ష చేస్తుంది. రైతులు సీసాల్లో నీళ్ళు పంపిస్తే మా ల్యాబ్‌లో అమ్మోనియా ఎంత ఉంది, ఉప్పు ఎంత ఉంది అన్నీ చూసి ఫలితం యాప్‌లో పెడతారు. ఆ యాప్ చూసుకోవడానికే నన్ను తీసుకున్నారు. నేను చేరేసరికే బయటివాళ్ళెవరో దాన్ని పేరున్న ఒక ఫ్రేమ్‌వర్క్ మీద కట్టి ఇచ్చి వెళ్ళిపోయారు. ఫ్రేమ్‌వర్క్ అంటే యాప్ కోసం ముందే తయారుచేసి పెట్టిన చట్రం. బటన్లు, జాబితాలు, ఒక పేజీలోంచి ఇంకో పేజీకి వెళ్ళడం అదే చూసుకుంటుంది. అందులో మన సరుకు నింపుకోవడమే మన పని.

యాప్ ఉన్నా రైతులు ఫోన్లు చేయడం మానలేదు. తెల్లారేసరికి ల్యాబ్ ఫోన్ మోగడం మొదలయ్యేది. మా ఎండీ గారు ఒకప్పుడు తన చేత్తో పరీక్షలు చేసిన కెమిస్టు. ఇంత ఖర్చుపెట్టి చేయించిన యాప్‌ని జనం ఎందుకు ముట్టుకోవట్లేదో ఒకసారి చెరువుల దగ్గరికే వెళ్ళి చూసి రమ్మని నన్ను పంపారు.

నేను వెళ్ళింది భర్తతో కలిసి రెండు చెరువులు సాగుచేస్తున్న ఒకావిడ దగ్గరికి. యాభై దాటి ఉంటాయి. నేను వెళ్ళేసరికి చెక్ ట్రే పైకి లాగి, రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూస్తున్నారు. వచ్చిన పని చెప్పగానే తడి చేతులు కొంగుకి తుడుచుకుని, ప్లాస్టిక్ కవర్లో చుట్టిపెట్టిన ఫోన్ తీశారు. చవక ఫోన్, దాని నిండా పెళ్ళి వీడియోలు, మనవళ్ళ ఫోటోలు. యాప్ నొక్కారు. తెల్లటి తెర వచ్చింది. తెర మధ్యలో చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోయింది. ఆవిడ ఫోన్ నా చేతిలో పెట్టి చెరువు వైపు నడిచారు.

"మీరు చూస్తూ ఉండండమ్మా. అది వచ్చేలోపు నేను అవతలి చెరువు కూడా చూసి వచ్చేస్తాను," అన్నారు. ఆ మాటలో వెటకారం లేదు. రోజూ ఆవిడ చేసేది అదే.

ఎండలో ఆ గట్టు మీద నిలబడి తిరుగుతున్న చక్రాన్ని చూస్తుంటే నాకు సిగ్గు కన్నా పట్టుదలే ఎక్కువ కలిగింది. అంత చిన్న అంకె చూపించడానికి ఇంత సేపా?

తిరిగొచ్చి ఎండీ గారితో, ఆ ఫ్రేమ్‌వర్క్‌కి అతుకులు వేసి లాభం లేదని, మనకి సరిపడేంత చిన్నది నేనే కడతానని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు.

"లోకంలో అన్ని ఉండగా మళ్ళీ మనం ఎందుకమ్మా?"

"అవన్నీ ఖరీదైన ఫోన్ల మీద చూసుకుని కట్టినవండి. మన రైతు చేతిలో ఉన్న ఫోన్ మీద చూసి కట్టింది ఒక్కటీ లేదు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, వానలు మొదలయ్యేలోగా చూపించమన్నారు. నేను నా మంచి ఫోన్ సొరుగులో పడేసి, ఆవిడ దగ్గరున్నదానిలాంటిదే ఒకటి కొనుక్కున్నాను. పని పూర్తయ్యేదాకా దాన్నే వాడాను. ఇంట్లోవాళ్ళు వీడియో కాల్ చేస్తే నా మొహం గళ్ళుగళ్ళుగా కనిపించేదట.

విప్పి చూస్తే పాత యాప్ అంత నెమ్మదిగా ఉండడం వెనక పెద్ద రహస్యమేమీ లేదు. అంతా తెచ్చుకున్నాకే ఏదైనా చూపించాలన్నది దాని పద్ధతి. మాకు అక్కర్లేని పనులన్నీ ముందు ముగించుకుని తీరిగ్గా వచ్చేది. నేను ఆ పద్ధతిని తిరగేశాను. నిన్నటి ఫలితం ఫోన్‌లోనే ఉంచి, నొక్కగానే అది ఏ రోజుదో చెబుతూ చూపించాలి. కొత్తది వెనకనుంచి వచ్చి చేరాలి. తెర మీద గీతలూ అక్షరాలూ మధ్యవర్తులు లేకుండా నా కోడే నేరుగా గీయాలి.

గీతలు చక్కగా వచ్చాయి. అక్షరాల దగ్గరే దెబ్బ తగిలింది. మన వత్తులు ఒక్కో అక్షరం కింద ఒక్కో తీరుగా కూర్చుంటాయి కదా, నా కోడ్‌కి అది తెలియదు. 'అమ్మోనియా' అన్న మాటలో మ వత్తు కిందకి దిగకుండా పక్కకి వెళ్ళి కూర్చుంది. ఎండీ గారు అటుగా వెళుతూ ఆగి, ఇది ఏ భాషని అడిగారు. ఆఫీసంతా నవ్వింది, నేనూ నవ్వాను. కానీ ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

దారి దొరికింది మధ్యాహ్నం టీ తాగుతుంటే. అక్షరాలు పేర్చడం ఫోన్‌కి ముందే వచ్చు. ఒక్కో మాటని దానితోనే ఒకసారి పేర్పించుకుని, ఆ బొమ్మని దాచుకుని, మళ్ళీ కావాల్సినప్పుడల్లా అదే అతికిస్తే సరిపోతుంది. మా యాప్‌లో వాడే మాటలు ఎన్నని! గ్లాసు సగంలో వదిలేసి మెట్లెక్కాను. సాయంత్రానికల్లా వత్తులన్నీ తమ చోట్లలో కూర్చున్నాయి. అంతకన్నా పెద్ద సంతోషం, తెర అంతకుముందుకన్నా ఎన్నో రెట్లు వేగంగా వచ్చింది. సరిచేయబోయిన లోపమే నాకు వేగాన్ని తెచ్చిపెట్టింది.

మళ్ళీ ఆ చెరువు దగ్గరికి వెళ్ళాం. ఈసారి ఎండీ గారు కూడా వచ్చారు. ఆవిడ ఫోన్‌లో కొత్త యాప్ వేసి, నిన్నటి ఫలితం అందులో చేరేదాకా ఆగి, మూసేసి ఆవిడకిచ్చాను. నొక్కారు. వేలు తీసేలోపే అంకెలు తెర మీద ఉన్నాయి. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇది ముందే తెరిచిపెట్టి ఇచ్చారేంటండి?"

లేదన్నాను. నమ్మలేదు. మూసి, మళ్ళీ తెరిచారు. ఇంకోసారి మూసి భర్తని పిలిచి ఆయన చేత తెరిపించారు. చివరికి ఫోన్ ఆపేసి, ఆన్ చేసి మరీ చూశారు. అప్పుడు నవ్వారు. తిరిగొచ్చే దారిలో ఎండీ గారు కారాపించి ఆయనే దిగి వెళ్ళి నాకు కొబ్బరిబోండం తెచ్చిచ్చారు.

వానాకాలంలో దాని అసలు విలువ తెలిసింది. ముసురు పట్టి, సిగ్నల్ వస్తూ పోతూ ఉన్న ఒక ఉదయం ఆవిడ చెరువులో అమ్మోనియా ప్రమాదకరంగా పెరిగిందని ల్యాబ్‌లో తేలింది. సిగ్నల్ తగిలిన ఆ కాస్త సేపట్లోనే ఫలితం ఆవిడ ఫోన్‌కి చేరిపోయింది. ఆవిడ వెంటనే మేత ఆపించి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లన్నీ తిప్పించి, నీళ్ళు మార్పించారు. పంట నిలబడింది. వల వేసి రొయ్యలు పట్టే పట్టుబడి రోజున ఆవిడే నన్ను గట్టు మీదికి పిలిచి, వలలో ఎగురుతున్న రొయ్యల్ని చూపించి, మా ఇంటికని పెద్దవి ఏరి సంచిలో వేసిచ్చారు. ఆ రాత్రి మా ఇంట్లో వండిన వేపుడుకి ఏ అవార్డూ సాటిరాదు.

ఆ తర్వాత నేను కట్టిన ఫ్రేమ్‌వర్క్‌ని ఎవరైనా వాడుకునేలా బయట పెడదామంటే ఎండీ గారు సరేనన్నారు. ఎక్కడో ఈశాన్యంలో తేయాకు రైతులకి యాప్ చేసేవాళ్ళు ముందుగా తీసుకున్నారు. ఆ తర్వాత ఇంకెవరెవరో. హైదరాబాద్ నుంచి ఒక పెద్ద కంపెనీవాళ్ళు నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారు. వాళ్ళకి మంచి చేపల పులుసుతో భోజనం పెట్టించి, ఈ పని ఇక్కడే బాగా సాగుతోందని చెప్పి పంపాను. ఇప్పుడు మా పైఅంతస్తులో దీని మీదే పనిచేసే బృందం ఉంది, అందరూ ఈ చుట్టుపక్కల కాలేజీల్లో చదివినవాళ్ళే.

మొన్న వాళ్ళలో రామచంద్రపురం అమ్మాయి, చేరి ఏడాది కూడా కాలేదు, నేను రాసిన అక్షరాల భాగం మొత్తం తీసేసి కొత్తగా రాసింది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి నడిపించాం. వేగంలో ఆ అమ్మాయిదే గెలిచింది. నమ్మలేక నేనే మళ్ళీ నడిపించాను. మళ్ళీ అదే గెలిచింది.

"మీరేమనుకోకండి మేడమ్ గారూ," అంది ఆ అమ్మాయి మెల్లగా.

నేను లేచి చప్పట్లు కొట్టాను. కింద మేత దించుతున్నవాళ్ళు కూడా తలెత్తి చూశారట.