ఎమ్మిగనూరు ఇల్లు, ఆదోని కాగితం

మా ప్రాంతం బళ్లారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి వచ్చిన రెండు మూడేళ్లకు ఎమ్మిగనూరులో ఒక ఇల్లు కొనాలనుకున్నాను. నేనక్కడ బడిపంతులును. ఇల్లు ఒక నేత వ్యాపారిది. మూడు గదులు, పెరట్లో బావి. ఆయన బళ్లారికి మకాం మార్చబోతున్నాడు. తూర్పు గదిలో ఆయన మేనత్త ఉండేది. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. ఎప్పుడు చూసినా తల వంచుకుని నూలు చుడుతూ ఉండేది.

"దీని మీద ఏ తగాదా లేదు సారూ" అన్నాడు వ్యాపారి.

మా మామగారు నమ్మలేదు. ఇంటి మీద తాకట్లు, హక్కులు ఏమున్నాయో రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాలు వెతికి సర్టిఫికెట్టు ఇస్తారు, అది చూడకుండా బయానా ఇవ్వొద్దన్నారు.

బడికి సెలవు పెట్టి ఆదోనికి బస్సెక్కాను. పత్తి సీజను. నిలబడటానికి కూడా చోటు లేదు. ఆఫీసు గుమాస్తా నా అర్జీ చదివి వెనక్కి తోశాడు.

"ఈ హద్దులు పనికిరావు సారూ. పక్కింట్లో ఇప్పుడెవురుండారో నాకేల? పాత పత్రంలో ఎవురి పేరుంటే అది రాసుకోని రా."

పాత పత్రం కోసం వ్యాపారి చుట్టూ పది రోజులు తిరిగాను. రెండోసారి అర్జీ తీసుకున్నారు, వారం తర్వాత రమ్మన్నారు. వారానికి పోతే పుస్తకాలు వెతికేవాడికి జ్వరం. "నేనేం సేసేది సారూ, ఆయప్ప లేసి రావల్ల గదా" అన్నాడు గుమాస్తా. అప్పటికే మా హెడ్మాస్టరు నా సెలవు చీటీలు చూసి మొహం చిట్లిస్తున్నాడు.

నాలుగోసారి కాగితం చేతికొచ్చింది. ఆఫీసు మెట్ల మీదే చదివాను. వ్యాపారి తాత తన కూతురికి, అంటే ఆ మేనత్తకు, రాసి రిజిస్టరు చేయించిన పత్రం అందులో ఉంది. ఆమె బతికున్నంత కాలం తూర్పు గది ఆమెది, ఆమెను కదపకూడదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ ఒక్క మాట మొదటే చెప్పడానికి ఆ పెద్దమనిషికి నోరు లేదా?

తిన్నగా పోయి నిలదీశాను. అతను తొణకలేదు.

"ఆ సంగతి ఆమెకే తెల్దు సారూ. కౌతాళంలో మా సుట్టాలింట్లో పెడ్తా. నువ్వు సెప్పకుంటే ఎవురు సెప్తారు?"

చెప్పకుండా ఉండలేకపోయాను. అదంతా ధర్మబుద్ధి అనుకోవద్దు. విషయం తెలిస్తే ఆమే హక్కు వదులుకుని వేలిముద్ర వేస్తుందనీ, ఇల్లు నాకు దక్కుతుందనీ ఒక మూల ఆశ. గది గుమ్మంలో కూర్చుని చదివి వినిపించాను.

"ఇంగోసారి సదువప్పా" అంది.

చదివాను. చేతిలోని నూలు పక్కన పెట్టింది. "ఇన్నేండ్లూ వీళ్లు పెట్టే కూడు తింటాండానని గొంతెత్తి మాట్లాడలేదు నాయనా. మా నాయన ఇది రాసిచ్చిపోయినాడని ఒక్కరూ సెప్పలేదే!"

"వేలిముద్ర..." అని నసిగాను.

"ఎయ్యను" అంది. ఆమె గట్టిగా మాట్లాడగా వినడం అదే మొదటిసారి.

బేరం పోయింది. వ్యాపారి బజారులో కనబడితే ఉమ్మి పక్కకు తిరిగేవాడు. ఇల్లు అమ్మకుండానే, ఆమెను ఆ గదిలోనే వదిలి బళ్లారి వెళ్లిపోయాడు. మంచి పని చేశారని తోటి పంతుళ్లు మెచ్చుకుంటుంటే నాకు చిరాకేసేది. నాలుగు రోజుల జీతం కోత పడింది, ఇల్లూ లేదు.

రెండు నెలలకు మా అద్దె ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడు. బండి మీద సామాను ఎక్కిస్తూ నా భార్య అడిగింది: "ఆ కాగితం చదివి వినిపించకుండా ఉండలేకపోయారా?"

నేను సామాను మీద తాడు బిగించాను.