లారీ మీది పేరు

కర్నూలు కోర్టు ఎదుట ముప్పై ఏళ్లుగా టైపు కొడుతున్నాను. భరణం అర్జీలు ఎన్ని కొట్టానో లెక్కలేదు. ఇక నాకు కోపమూ జాలీ రావనుకున్నాను. నాగలత వచ్చాక రెండూ వచ్చాయి.

నాగలత బస్టాండు దగ్గర జొన్న రొట్టెలు చేసి అమ్ముతుంది. కూతురు శివాని నాలుగో తరగతిలో ఉండగా మొగుడు ఓబులేసు వేరొకామెతో ఎర్రగుంట్లలో కాపురం పెట్టాడు. కోర్టు చెప్పింది కాబట్టి నెలనెలా పిల్ల ఖర్చుకు కొంత పంపేవాడు. పిల్లకు పద్దెనిమిది నిండిన నెలే ఆపేశాడు.

పద్దెనిమిదితో పీడ వదిలిందనుకుంటారు ఇలాంటి తండ్రులు. పెళ్లికాని, సంపాదన లేని కూతురి పోషణ తండ్రిదేననీ, పోషణంటే చదువు కూడాననీ హిందూ చట్టంలో ఉంది. శివాని తన పేరు మీదే కేసు వేసింది. తండ్రికి లారీలున్నాయని రాసి అర్జీ నేనే కొట్టాను. కేసు నడుస్తుండగా నర్సింగు సీటొచ్చింది. ఇరవై రోజుల్లో ఫీజు కట్టకపోతే సీటు పోతుంది.

"పెండ్లికైతే అప్పోసప్పో చేసి ఇస్తా సార్. సదువుకు నాతో కాదు. నాకు లారీలు యాడుండాయి? మా అన్న లారీ జీతానికి తోల్తాండా" అన్నాడు ఓబులేసు కోర్టులో. లారీల కాగితాలన్నీ నిజంగానే అన్న పేరు మీదున్నాయి. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు నాగలత పొయ్యి వెలిగించకుండా ఎర్రగుంట్ల బస్సెక్కింది. సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎండలో నిలబడి మూడు లారీలకు ఫోన్లో ఫోటోలు తీసి తెచ్చింది. మూడింటి నెత్తినా పసుపు అక్షరాలతో 'శివాని' అని ఉంది.

"పాప పుట్టినప్పుడు మొదటి లారీకి రాయించినాడప్పా. మమ్మల్ని ఇడ్సిపెట్టినా పేరు మాత్రం ఇడ్సలేదు" అంది.

వాయిదా రోజు మా వకీలు ఆ ఫోటోలు చూపించి, "మీ అన్నకు కూతుళ్లెంతమంది?" అని అడిగాడు.

"లేరు సార్. ఇద్దరూ మొగపిల్లోళ్లే."

"మరి ఈ శివాని ఎవరు?"

ఓబులేసు కూతురి వైపు చూశాడు.

"లారీలు మీ అన్నవైతే నీ కూతురి పేరెందుకు మార్చలేదు?" అన్నారు జడ్జిగారు.

"ఆ పేరు శానా కలిసొచ్చింది సార్" అన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

మొదటి ఏడాది ఫీజు పది రోజుల్లో కాలేజీలో కట్టాలనీ, చదువయ్యేదాకా ఏటా కట్టాలనీ జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు. ఆ రోజు నేను టీ బంకులో ఉన్నవాళ్లందరికీ టీ ఇప్పించాను. నా డబ్బుతో టీ తాగిన వకీళ్లు ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటారు.

తొమ్మిదో రోజున ఓబులేసు కాలేజీకి వచ్చాడు. నాగలత, శివానిలతో నేనూ అక్కడే ఉన్నాను. ఫీజు కట్టి, కూతురి వైపు తిరిగి, "కోర్టుకెక్కల్నా పాపా? ఇంటికొచ్చి అడిగింటే ఇయ్యకుంటినా?" అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేలా.

"మూడుసార్లు వచ్చినా నాయనా. గేటు తీయకపోతివి" అంది శివాని. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. అడ్మిషన్ ఫారం అతని ముందుకు జరిపి వేలు పెట్టి చూపించింది. "తండ్రి సంతకం ఈడ."

ఓబులేసు వంగి సంతకం పెట్టాడు.