తెల్ల రంగు

సర్వేయరు పైడిరాజు భార్యాబిడ్డల్ని విజయనగరంలో ఉంచి, మార్కాపురంలో ఒంటరిగా గది తీసుకుని ఉంటాడు. ఆదివారమైతే స్కూటరు మీద తర్లుపాడు చుట్టుపక్కల వీరగల్లుల కోసం, అంటే ఎప్పుడో పోరులో చచ్చిన వీరుల బొమ్మలు చెక్కిన రాళ్ళ కోసం తిరుగుతాడు. ఏ రాయి చూసినా గుట్కా ఉమ్మి, పక్కన పగిలిన సీసాలు. ముక్కుకి రుమాలు కట్టుకుని ఫోటో తీస్తాడు. హద్దురాళ్ళకు వేసినట్టే వీరుడి కాళ్ళ దగ్గర తెల్ల రంగుతో నంబరు వేస్తాడు. తర్వాత రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంటాడు. సాయంత్రం కూతురికి ఫోన్ చేసి, "ఇక్కడి జనానికి రాయంటే ఉమ్మేసే చోటేనమ్మా, రోత పుడుతోంది" అంటాడు.

మొన్న ఇంకో రాయికి నంబరు వేసి వస్తూ, ఇదివరకు తను ఇరవై మూడో నంబరు వేసిన రాయి దగ్గర ఆగాడు. గొర్రెలు కాసే రమణమ్మ పలక ముక్కతో వీరుడి కాళ్ళు గీకుతోంది.

"ఈయన మా వంశంలో పెద్దాయన సార్. రేపు ఈయనకు కొలుపు చేసి మొక్కాలని కడుగుతుండా. ఉమ్మి నీళ్ళకే పోయింది. ఈ రంగే పోవడం లేదు. ఎవరో చదువుకున్నోడే, అంకె కూడా వేసినాడు."

పైడిరాజు రుమాలు ముక్కు మీదికి లాక్కున్నాడు. సబ్బుకు పోని తెల్ల రంగు అతని గోళ్ళ మీద ఆమెకు కనపడింది. ఇంకో పలక ముక్క తీసి అతని చేతికిచ్చింది.