హర్రాజు పాడే దవడ

1979లో నన్ను వరంగల్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి దంత విభాగానికి డెంటల్ మెకానిక్‌గా బదిలీ చేశారు. డాక్టరు నోటి అచ్చు తీసిస్తే దానిమీద కట్టుడు పళ్లు తయారుచేయడం మెకానిక్ పని. మనుషులు చాలక ఓపీలో డాక్టరమ్మకు సాయంగా కూడా నేనే నిలబడేవాణ్ని. మధ్యాహ్నానికే కాళ్లు పీకేవి. అయినా సాయంత్రం హనుమకొండ లైబ్రరీలో నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లీషు శరీరశాస్త్ర గ్రంథాలు చదివేవాణ్ని. ఆ చదువు ఏ ప్రమోషనూ తేలేదు కానీ, చేసే పని నాకు అర్థమైంది దానివల్లే.

ఆ మిర్చి సీజన్‌లో కొమురయ్య మూడోసారి వచ్చాడు. మార్కెట్ యార్డులో ఒక సేటు దగ్గర, రాశి రాశికీ తిరుగుతూ హర్రాజు పాడే, అంటే వేలం ధరలు అరిచే మనిషి. ధర అరుస్తుండగా దవడ జారి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. చొంగ తువ్వాలతో తుడుచుకుంటున్నాడు. సంగతి భార్య లచ్చమ్మ చెప్పింది.

“ఇంట్ల జర నోరు ముయ్యవయ్యా అంటె ఇనడు డాక్టరమ్మా. గిప్పుడు ముయ్యిమంటె మూతవడ్తలేదు.”

పొద్దుటి నుంచి పళ్లు పీకి అలసిన డాక్టరమ్మకు నవ్వే ఓపిక లేదు. దవడ లోపలికి పడగానే పళ్లు టక్కున మూసుకుంటాయి కనుక బొటనవేళ్లకు దళసరిగా గుడ్డ చుట్టుకుంది. నేను అతని తలను నా ఛాతీకి ఆనించి పట్టుకున్నాను. ఆమె కింది దవడ పళ్లపై వేళ్లుంచి కిందికీ వెనక్కీ నొక్కింది. అప్పుడు చెంపలోని నమిలే కండరం, కణత మీది కండరం బిగుసుకొని ఎదురు లాగుతాయి. వాటితో పెనుగులాడకూడదు, అవి అలసేదాకా ఒకే ఒత్తిడి మీద ఉండాలి. ఈసారి ఆమే ముందు అలసిపోతుందేమో అనుకున్నాను. చివరికి దవడ చోటికి చేరింది.

తలకు కట్టు కట్టి, ఇక నోరు పెద్దగా తెరవొద్దనీ, మళ్లీ జారితే హైదరాబాద్‌లో ఆపరేషనేననీ చెప్పింది. నోరు తెరవొద్దన్నది వెనకటి రెండుసార్లూ చెప్పిన మాటే.

“మళ్ల గిట్లయితే వేరేటోన్ని పెట్టుకుంటనన్నడమ్మా సేటు. నోరు తెరవకుంటె హర్రాజెట్ల పాడాలె?” అన్నాడు కొమురయ్య పళ్ల సందులోంచి.

ఆమె అనుమతితో అతన్ని నా గదికి తీసుకెళ్లాను. కట్టుడు పళ్లు అమర్చి చూసే ఇత్తడి మడతబందు చూపించాను. అది తలుపులా తిరుగుతుంది, అంతే. చెవి ముందున్న అసలు దవడ కీలు మొదట ఉన్నచోటే తిరుగుతుంది. ఇంకా తెరిస్తే ఎముక గట్టు దాకా ముందుకు జారుతుంది. గట్టు దాటి బిగుసుకుంటే తనంతట తాను వెనక్కి రాదు. అతని వేళ్లు నా చెవి ముందు పెట్టించి, నేను నోరు తెరిచాను.

“లోపట నడుస్తాంది సారూ!” అన్నాడు.

గడ్డం కింద పిడికిలి ఆనించి, అది అడ్డుతగిలేదాకా మాత్రమే నోరు తెరిచి అరవమన్నాను. కట్టు విప్పాకే అన్న షరతుతో డాక్టరమ్మ ఒప్పుకుంది.

“పీనుగ కాడ కూసున్నట్టుంటడు,” అంది లచ్చమ్మ.

సీజన్ ఆఖర్లో ఆసుపత్రి నుంచి తిరిగి వెళుతూ యార్డులో ఆగాను. ఘాటుకు తుమ్ములు ఆగలేదు. కొమురయ్య పిడికిలి గడ్డం కింద పెట్టుకొని పాడుతున్నాడు. గొంతు మునుపటంత దూరం పోవడం లేదు. కొనేవాళ్లే రాశి దగ్గరికి జరిగి నిలబడ్డారు.

జారిన దవడతో అతను మళ్లీ మా దగ్గరికి రాలేదు. అరిచే మనిషికి నోరు తెరవొద్దని చెబితే అది వైద్యం కాదు, ఎంతవరకు తెరవవచ్చో చెప్పాలి. ఆ తర్వాత మా ఓపీలో, ఏది మానాలో చెప్పేముందు రోగి ఏం పని చేస్తాడో అడగడం అలవాటైంది.