ఇంగ్లీషు సినిమాలో వినబడిన ‘అమ్మా’

మా చిన్నప్పుడు మా ఇంట్లో హత్యలన్నీ కత్తిపీట దగ్గరే జరిగేవి...

కె.ఆర్.పురంలో మాది రెండు గదుల పెంకుటిల్లు. మా అమ్మ చెల్లెలు గ్రేసు చిన్నమ్మ మాతోనే ఉండేది. కంటోన్మెంటులో ఒక ఆసుపత్రిలో నర్సు. పెళ్లి చేసుకోలేదు. ఆమెకున్న పిచ్చి ఒక్కటే... ఇంగ్లండు రచయిత ఒకాయన రాసిన నేరాల నవలలు. పాత పుస్తకాల అంగట్లో కొని, ట్రంకుపెట్టెలో బైబిలు కింద దాచేది. వంకాయలు తరుగుతూ ఆ కథలన్నీ నాకు తెలుగులో చెప్పేది. పీకలు నులిమే రౌడీలు, స్నేహితుణ్ణే కాల్చేసే దొంగలు... “చిన్నపిల్లకి ఏం మాటలే అవి!” అని అమ్మ అరుస్తూనే ఉండేది.

ఆ నవలలు సినిమాలుగా వస్తే చాలు, మధ్యాహ్నం ఆటకు నన్ను లాక్కుపోయేది. చూసినంతసేపూ నా చెవిలో సణుగుడే.

“పుస్తకంలో ఆ పిల్లని బెల్టుతో కొడతాడు పాపా... వీళ్లు గోడ మీద నీడ చూపించి వదిలేసినారు.”

చివర్లో పోలీసులు వచ్చి అందరినీ పట్టుకుంటే మరీ కోపం. “రాసినాయన ఇట్ల రాయలేదప్పా. చంపినోడు హాయిగా తిరగతా ఉండాడు అందులో.”

ఒక శనివారం... నాకు పదేళ్లుంటాయేమో. తెర మీద ఒక రౌడీ ఇంకొకడి వేళ్లు తలుపు సందులో పెట్టి నొక్కుతున్నాడు. తుపాకి పేలింది. జనం ఈలలు. ఆ గోలలోనే ఒక కేక... “అమ్మా! చచ్చినానే!”

ఎవరూ కదల్లేదు. సినిమాలోదే అనుకున్నారు. చిన్నమ్మ ఒక్కతే లేచి నిలబడింది. “ఇంగ్లీషోడు అమ్మా అంటాడా?”

వెనక తలుపు దగ్గర గేటు మనిషి మునెప్ప పడి ఉన్నాడు. టార్చి వేసి మాకు సీట్లు చూపించేవాడు. తొడలో దిగిన కత్తిపోటు నుంచి నెత్తురు ఎగజిమ్ముతోంది. పొడిచినవాడు పారిపోలేదు. మీసం కూడా సరిగా రానివాడు... కత్తి చిన్నమ్మ వైపు చాచి “దగ్గరికొస్తే పొడుస్తా!” అన్నాడు.

“పొడువు. నాకు పనుండాది” అంటూ చిన్నమ్మ నెత్తుట్లోనే మోకాళ్ల మీద కూర్చుంది. రెండు చేతులతో తొడ మొదలు అదిమిపట్టింది. తర్వాత కొంగు చింపి బిగించి కట్టింది. నేను గోడకు అతుక్కుపోయాను. తెర మీద కాల్పులు సాగుతూనే ఉన్నాయి. ఆ కత్తి పట్టినవాడు చిన్నమ్మ చేతుల వంకే చూస్తూ చూస్తూ... కూలబడి ఏడ్చాడు. పోలీసులు వచ్చి తీసుకుపోయారు.

మునెప్ప బతికాడు. చిన్నమ్మ పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చారు. మర్నాడు నేను చిన్నమ్మ వెంట అక్కడికి వెళ్లినప్పుడు, వరండాలో ఒకామె మా ఎదురుగా వచ్చి నిలబడింది. మునెప్ప పెళ్లాం రత్నమ్మ. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. పెదవి చీలి ఉంది. మెడ మీద, చేతుల మీద బెల్టు వాతలు.

“ఆయన్ని బతికించింది మీరేనా అక్కా?”

“అవునమ్మా” అంది చిన్నమ్మ.

“ఎందుకు బతికించినారు? నా ఒళ్లు చూసి తట్టుకోలేక పొడిచింది నా తమ్ముడు. వాడు జైలుకు పాయ. ఈయన ఇంటికొస్తాడు... మళ్లీ నన్నే కదా కొట్టేది?”

చిన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, ఆ బెల్టు వాతలు ఒక్కొక్కటే చూసింది.

“నెత్తురు కారతా ఉంటే ఎవరిదని అడగలేనమ్మా... అయితే నువ్వు ఆ ఇంటికి పోవద్దు. మాతో రా.”

ఆ సాయంత్రం రత్నమ్మ మా ఇంటికి వచ్చింది. అమ్మ ఆమె మొహం చూసింది. ఇంకో చాప పరిచింది.

గాయం మానగానే మునెప్ప రానే వచ్చాడు. తాగి, కుంటుతూ, “నా పెళ్లాన్ని పంపండి!” అని తలుపు తన్నాడు. గడపలో అడ్డం నిలబడ్డ చిన్నమ్మ భుజం మీద చేతికర్రతో ఒక్కటి వేశాడు. ఎముక విరిగిన చప్పుడు లోపల ఉన్న నాకు వినబడింది. చిన్నమ్మ పక్కకు జరగలేదు.

“మునెప్పా... నీ తొడలో ఆ నరం ఎక్కడుండాదో నాకు బాగా తెలుసు. ఆ పొద్దు అదిమి పట్టినాను. ఇంకోసారి ఈ గడప తొక్కినావంటే...”

వాడు ఆమె చేతుల వంక చూశాడు. మెల్లగా వెనక్కి తిరిగాడు. మళ్లీ మా వీధిలో కనిపించలేదు.

రత్నమ్మ అదే ఆసుపత్రిలో ఆయాగా కుదురుకుంది. తమ్ముడు జైలు నుంచి వచ్చిన రోజు ఇద్దరూ మా అరుగు మీద ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆమె నా పెళ్లిదాకా మా ఇంట్లోనే ఉంది... నా జడ వేసింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది. చిన్నమ్మ సినిమాలు మానలేదు కానీ, దెబ్బలు సరిగా చూపించలేదని మళ్లీ ఎప్పుడూ సణగలేదు.

ఇప్పుడు ఆ సినిమా హాలు లేదు. చిన్నమ్మా లేదు, రత్నమ్మా లేదు. నేనుండేది సర్జాపుర రోడ్డులో పెద్ద అపార్టుమెంటు. మూడు గదులు ఖాళీ... ఎవరైనా వాచిన మొహంతో మా గేటు దాకా వచ్చినా, సెక్యూరిటీ అతను పైకి పంపడు.

మీ ఇళ్లలో కూడా అలా ఏ బంధుత్వమూ లేకుండా వచ్చి, ఇంటి మనిషై ఉండిపోయినవాళ్లు ఉన్నారా? ఉంటే వాళ్ల పేరు ఇక్కడ రాయండి... ఇంకెక్కడా ఎవరూ రాసి ఉండరు.